కిడ్నీ చికిత్స క్లెయిము తిరస్కరణపై ఫిర్యాదు

నల్లగొండ

ఆరోగ్య బీమా సంస్థ ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: ఉన్నట్టుండి దెబ్బతిన్న కిడ్నీలను పాత జబ్బుగా చూపి మా నాన్నగారి క్లెయిమును తిరస్కరించడం గురించి.

అయ్యా,

మా నాన్నగారికి 72 ఏళ్లు. ఉండేది మర్రిగూడ మండలంలో. మే నెల ఎండల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుని మూత్రం దాదాపు ఆగిపోవడంతో నల్లగొండలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. చేరిన రోజు క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో కొలుస్తారు) 4.8. ఆ ఒక్క రోజు రిపోర్టును పట్టుకుని, దాని నుంచి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం అంచనా) లెక్కగట్టి, ‘ఐదో దశ (చివరి దశ) దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి, పాలసీకి ముందే ఉంది, దాచిపెట్టారు’ అని మీ సంస్థ లేఖ పంపింది. ఫ్లోరైడ్ ప్రాంత నివాసి కావడాన్ని కూడా ఒక కారణంగా రాశారు.

దీర్ఘకాలిక వ్యాధి అనాలంటే లోపం 3 నెలలకు మించి కొనసాగాలి. నాన్నగారి క్రియాటినిన్ గత డిసెంబరులో 1.0, అంటే మామూలుగానే ఉంది. డిశ్చార్జి నాటికి 1.7కు దిగింది, తర్వాతి పరీక్షలో 1.1 వచ్చింది. నిజంగా ఐదో దశ వ్యాధే అయితే సెలైన్‌తో ఇలా కోలుకోవడం సాధ్యమా? అల్ట్రాసౌండ్‌లో రెండు కిడ్నీలూ మామూలు పరిమాణంలోనే ఉన్నాయి. ఏళ్ల తరబడి పాడైన కిడ్నీలు చాలావరకు కుంచించుకుపోయి ఉంటాయి. పైగా ఈజీఎఫ్ఆర్ సూత్రం క్రియాటినిన్ నిలకడగా ఉన్నప్పుడే పనికొస్తుంది; అది రోజురోజుకూ మారుతున్న రోగికి ఆ లెక్కతో దశ నిర్ణయించకూడదు. ఈ రిపోర్టులన్నీ క్లెయిముతోనే పంపాం. మీవాళ్లు తెరిచి చూశారా అన్నదే నా అనుమానం.

జరిగిందేమిటో ఆసుపత్రి డాక్టరు గారు మాకు ఓపికగా చెప్పారు. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలకు చేరే రక్తం తగ్గుతుంది. అలాంటప్పుడు కిడ్నీ తన వడపోతను కాపాడుకోవడానికి లోపలికి వచ్చే రక్తనాళాన్ని వెడల్పు చేస్తుంది, బయటికి పోయేదాన్ని బిగిస్తుంది. మోకాళ్ల నొప్పికి నాన్నగారు వాడుతున్న డైక్లోఫెనాక్ మొదటిదాన్ని అడ్డుకుంది, బీపీకి వాడే టెల్మిసార్టాన్ రెండోదాన్ని అడ్డుకుంది. రెండు మాత్రలనూ ఆపి, సెలైన్ ఎక్కించి, గంటగంటకూ మూత్రం కొలిచారు. డయాలసిస్ అవసరం రాలేదు. 48 గంటల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా, 7 రోజుల్లో ఒకటిన్నర రెట్లయినా దాన్ని అక్యూట్ కిడ్నీ ఇంజూరీ, అంటే కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినడం అంటారు. డిశ్చార్జి సమ్మరీలో రాసిందీ అదే. ‘దీర్ఘకాలిక’ అన్న మాట అందులో ఎక్కడా లేదు, మీరు చేర్చారు. బీపీ ఉందని పాలసీ తీసుకున్నప్పుడే రాసి ఇచ్చాం. దాచిందేమీ లేదు.

ఫ్లోరైడ్ మాట చదివినప్పుడు నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ నీళ్లు తాగి ఎముకలు, కీళ్లు పాడు చేసుకున్న తరం మా నాన్నగారిది. ఆ నొప్పులకే ఆయన ఆ మాత్ర వేసుకున్నారు. మా ఊరి పేరు చూసి ఒక మనిషికి కిడ్నీ జబ్బు ఉందని ఏ వైద్యశాస్త్రమూ తేల్చదు. ఇదే చిరునామా రాసి ప్రీమియం కట్టినప్పుడు మీకు ఏ అభ్యంతరమూ లేదు. ఆ వాక్యాన్ని లిఖితపూర్వకంగా ఉపసంహరించుకోవాలి.

క్లెయిమును మళ్లీ పరిశీలించి ఆసుపత్రి బిల్లు మొత్తం చెల్లించండి. కాదంటే ఏ కిడ్నీ నిపుణుడు ఈ రిపోర్టులు చూసి దీర్ఘకాలిక వ్యాధి అన్నారో ఆయన రాతపూర్వక అభిప్రాయం పంపండి. సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా క్లెయిము తిరస్కరించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది కనుక ఆ ఆమోద పత్రం నకలు కూడా కావాలి.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధిస్తున్నది మరొకటి ఉంది. మీ రికార్డులో ఆయన పేరు పక్కన ఐదో దశ అని ఉన్నంత కాలం రేపు గుండెకు వచ్చినా, కాలు విరిగినా అదే అడ్డుపెడతారు. మరో సంస్థకు మారదామన్నా ఆ మాట వెంట వస్తుంది. క్లెయిము సంగతి ఎలా ఉన్నా దాన్ని వెంటనే తొలగించి, తొలగించినట్టు ఉత్తరం ఇవ్వండి.

నెల రోజుల్లోగా సరైన సమాధానం రాకపోతే ఇవే కాగితాలతో హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) వద్దకు వెళతాను.

ఇట్లు,
పాలసీదారు కుమార్తె