19 దగ్గర తెగిపోయిన 1930

సంపాదకుడు గారికి,

కర్నూలులో నేను రోజూ షాపుకు వెళ్లే దారిలో ఒక కూడలి ఉంది. అక్కడ నిలువు ఎల్‌ఈడీ తెర పెట్టారు. ఈ మధ్య దాని మీద సైబర్ మోసాల గురించి అవగాహన వీడియో వేస్తున్నారు. ఖాతాలో డబ్బు పోతే వెంటనే ఫోన్ చేయాల్సిన నంబర్ 1930. తెర మీద మాత్రం 19 దాకానే కనబడుతోంది, మిగతా రెండంకెలు అంచు దాటి పోయాయి. సిగ్నల్ దగ్గర ఆగిన కుర్రాళ్లు చూసి నవ్వుకుంటున్నారు. అదే వీడియో ఫోన్‌లో అడ్డంగా చూస్తే కింద కుడి మూలన సైగల భాషలో చెప్పే ఆమె కూడా ఉంది. కూడలి తెర మీద ఆమె లేనే లేదు. ఆటోల రొదలో ఆ వీడియో మాటలు ఎలాగూ ఎవరికీ వినబడవు. వినికిడి ఉన్నా లేకపోయినా అక్కడ పనికొచ్చేవి ఆ అంకెలూ, ఆ సైగలే.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పని నాది కాబట్టి తప్పు ఎక్కడ జరిగిందో చూడగానే అర్థమైంది. 1920 బై 1080 అడ్డం వీడియోను 9:16 నిలువు ఫ్రేమ్‌లో (1080 వెడల్పు, 1920 ఎత్తు) వేసి, తెర నిండేదాకా పెంచేశారు. అలా చేస్తే 1920 పిక్సెళ్ల వెడల్పులో నడిమి 608 మాత్రమే మిగులుతాయి. దాదాపు మూడింట రెండొంతుల బొమ్మ పోయినట్టే. ఫ్రేమ్‌ను దానంతటదే సర్దే ఆటో రీఫ్రేమ్ నొక్కినా గట్టెక్కేది అనుమానమే. అది కదిలే మనిషి వెంట పోతుంది గానీ పక్కనున్న నంబర్ ముఖ్యమని దానికేం తెలుసు?

కత్తిరించకుండా వేస్తే బొమ్మ నిండని జాగాలో నల్ల పట్టీలు వస్తాయి. అవంటే జనానికి మొదటి నుంచీ పడదు. క్యాసెట్ల కాలం పెళ్లిళ్లు 4:3లో, అంటే ఇప్పటికన్నా తక్కువ వెడల్పు బొమ్మలో, తీసినవి. వెడల్పు టీవీలు వచ్చాక "పక్కన నలుపెందుకు, టీవీ నిండా రావాల" అని పట్టుబడితే మేమూ సాగదీసి ఇచ్చేవాళ్లం. మనుషులు అడ్డంగా 33 శాతం పెరిగిపోయేవాళ్లు. ఒకావిడ డీవీడీ పట్టుకొచ్చి "ఏమప్పా, మా పాప ఇంత లావు ఎప్పుడుండె?" అని నిలదీసింది. పట్టీలతో మళ్లీ చేసిచ్చాక గానీ శాంతించలేదు.

కూడలి తెరకైతే ఆ పట్టీల జాగానే వరం. అడ్డం వీడియోను కత్తిరించకుండా 1080 వెడల్పులో కూర్చోబెడితే ఎత్తు 608 అవుతుంది. పైనా కిందా కలిపి 1312 పిక్సెళ్లు ఖాళీ. కింద 1930 అని పెద్దక్షరాలతో రాయొచ్చు. అదే వీడియోను ఇంకో లేయర్‌గా వేసి, సైగల గడిని మాత్రమే క్రాప్ చేసి పైన పెద్దగా పెట్టొచ్చు. చేయి తిరిగినవాడికి గంట పని కూడా కాదు.

ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో సైగల భాష, క్యాప్షన్లు ఉండేలా ప్రభుత్వాలు చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. వీడియో తీసినవాళ్లు ఆ మాట పాటించారు. తెరకెక్కించేటప్పుడే పోయింది. ఇకనుంచి ఇలాంటి వీడియోలకు పని అప్పగించే కాగితంలోనే నిలువు కాపీ వేరేగా ఇవ్వాలని రాయాలి. బిల్లు మంజూరు చేసే ముందు ఎవరైనా ఒకరు ఆ తెర కిందే నిలబడి ఒక్కసారి మొత్తం చూడాలి.

ఇప్పుడున్న వీడియో సంగతంటారా, ఒరిజినల్ ఫైల్ ఇస్తే నేనే పైసా తీసుకోకుండా సరిచేసి ఇస్తాను.

- ఒక వీడియో ఎడిటర్, కర్నూలు