కరెంటొచ్చిందండీ, అందరికీ పేరుపేరునా థాంక్స్

మొన్న గాలివానకి మా లంకలో కొబ్బరిచెట్లు 11 కేవీ లైను మీద పడి స్తంభాలు విరిగిపోయిన సంగతి చుట్టుపక్కలోళ్ళందరికీ తెలిసిందే. నిన్న సాయంత్రం కరెంటొచ్చింది.

నాది చిన్న కిరాణా కొట్టు. పాలూ పెరుగూ ఎలాగూ పోయినయ్, అది పక్కన పెట్టండి, సెల్ టవర్ కూడా ఆగిపోయేసరికి స్కానర్ పన్చేయదు, జేబులో నోట్లు పెట్టుకు తిరిగేవోళ్ళు ఎంతమందండీ ఇప్పుడు, అందరికీ ఖాతా రాసేశా. మళ్ళీ ఫోన్లు పన్చేయగానే అడక్కుండానే కట్టేస్తున్నారు, మీకు ముందు దండం.

అసలు చెప్పాల్సింది రొయ్యల చెరువుల బాబాయిగారి గురించి. వనామీ రొయ్యల సాగు తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు, రాత్రి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారుజాముకి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలిపోద్ది, పంటంతా ఒక్క రాత్రిలో పోద్ది. అందుకే ఎవరూ స్పేర్ జనరేటర్ని కదలనివ్వరు. ఆయన మాత్రం దాన్ని ట్రాక్టరెక్కించి మంచినీళ్ళ ట్యాంకు దగ్గరకి పంపించేశారు, మెడికల్ షాపాయన ఇన్సులిన్ ఫ్రిజ్జు కూడా అక్కడికే తెచ్చి పెట్టుకున్నాడు, అది 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలంట కదా. మా నాన్నగారైతే 1996 తుఫానుకి ఎన్నాళ్ళు చీకట్లో ఉన్నా నూతిలో చేద వేసి తోడుకున్నాం, ఇప్పుడు మోటారు లేకపోతే కాళ్ళు కడుక్కోడానిక్కూడా నీళ్ళుండవు అన్నారు, నిజమే.

ఇక లైన్‌మేన్ అన్నలు. చేలో క్రేన్ దిగబడిపోతుందని స్తంభాలు తాళ్ళేసి బురదలో లాగారు, మా కుర్రాళ్ళూ భుజం పట్టారు. ఎల్సీ, అంటే లైన్లో కరెంటు ఆపేశామని సబ్‌స్టేషన్ వాళ్ళిచ్చే లైన్ క్లియర్, తీసుకున్నాక కూడా జనరేటర్ ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళి మెయిన్ ఆపించాకే స్తంభం ఎక్కారు. కొందరు విసుక్కున్నారు గానీ, చేంజోవర్ (లైను కరెంటూ జనరేటర్ కరెంటూ కలవకుండా మార్చే స్విచ్చు) లేకుండా జనరేటర్ ఇంటి వైరింగుకి తగిలించేస్తే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లోంచి వెనక్కెళ్ళి లైను మీదున్న మనిషిని కొట్టేస్తదండీ, ప్రాణం వాళ్ళది. ఆయ్, టీ తాగడానికి కూడా కిందకి దిగలేదు వాళ్ళు.

బాబాయిగారు డీజిల్ డబ్బులు ముట్టుకోనంటున్నారు, ఆయన మాట వినే పెద్దోళ్ళెవరైనా ఉంటే కాస్త ఒప్పించండి. ట్యాంకు దగ్గర ఛార్జింగ్ పెట్టి మర్చిపోయిన ఛార్జర్లు చాలా ఉన్నాయ్, నా కొట్లోనే పెట్టా, ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళండి.