పుస్తకం మీద కేసులెందుకు?

సంపాదకుడు గారికి,

మన చరిత్రను కించపరుస్తూ రాసేవాళ్లను జైల్లో పెట్టే చట్టం రావాలని మొన్న మీ ఉత్తరాల శీర్షికలో ఒక మిత్రుడు రాశారు. పోలండ్ వాళ్లు అలాంటి చట్టం చేసి చూశారు. ముప్పై ఏళ్లు హిస్టరీ పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ సంగతి కాస్త చెప్పనివ్వండి.

ఆ కథ చరిత్రకారుడు యాన్ తొమాష్ గ్రోస్‌తో మొదలవుతుంది. ఆయన 1947లో పోలండ్ రాజధాని వార్సాలో పుట్టారు. తండ్రి యూదు. తల్లి యూదు కాదు, నాజీల కాలంలో ప్రతిఘటన ఉద్యమంలో ఉన్నావిడ. గ్రోస్ ఫిజిక్స్ విద్యార్థిగా 1968 మార్చిలో కమ్యూనిస్టు ప్రభుత్వం మీద జరిగిన విద్యార్థుల ఆందోళనల్లో అరెస్టయి ఐదు నెలలు జైల్లో గడిపారు. మరుసటి ఏడు అమెరికా వెళ్లిపోయి, యేల్‌లో సోషియాలజీ డాక్టరేట్ చేశారు, తర్వాత ప్రిన్స్‌టన్‌లో ప్రొఫెసర్ అయ్యారు. పోలండ్ మీద జర్మన్, సోవియట్ ఆక్రమణల గురించి ఆయన రాస్తున్నంత కాలం పెద్ద గొడవేం లేదు. 1996లో పోలండ్ ఆయన్ని పతకంతో గౌరవించింది కూడా. 2000లో వచ్చిన చిన్న పుస్తకం ‘పొరుగువాళ్లు’తోనే చిక్కొచ్చింది.

జెద్వాబ్నె ఈశాన్య పోలండ్‌లో చిన్న ఊరు. 1941 జూలై 10న అక్కడి యూదుల్ని ఒక గడ్డికొట్టంలోకి తోలి నిప్పంటించారు. గెస్టపో, నాజీ పోలీసులు 1,600 మందిని సజీవంగా తగలబెట్టారని ఊళ్లోని శిలాఫలకం చెప్పేది. కాదు, తగలబెట్టింది ఇరుగుపొరుగు పోలిష్ వాళ్లేనని గ్రోస్ రాశారు. బతికి బయటపడిన ష్ముల్ వాసెర్‌ష్టైన్ 1945లో ఇచ్చిన వాంగ్మూలాన్ని ఆయన అంతకు ముందే చదివారు. అందులో ఉన్నది బుర్రకెక్కడానికి ఆయనకే కొన్నేళ్లు పట్టింది.

దేశం అట్టుడికిపోయింది. 2001లో కొట్టం ఉన్నచోట తవ్వితే ఎముకలతో పాటు, సోవియట్ల కాలంలో పెట్టిన లెనిన్ విగ్రహం ముక్కలు దొరికాయి. ఆ రోజు కొందరు యూదుల చేత ఆ విగ్రహం మోయించి, వాళ్లనే ముందు చంపారన్న సాక్షుల మాటకు అది సరిపోయింది. చనిపోయినవాళ్ల ఎముకలు కదపకూడదన్న యూదు మత నియమం వల్ల తవ్వకం కొద్దిరోజులకే ఆగింది. జర్మన్ల ప్రోద్బలంతో చంపింది పోలిష్ వాళ్లేననీ, చనిపోయింది కనీసం 340 మందనీ ప్రభుత్వ ప్రాసిక్యూటర్ దర్యాప్తు తేల్చింది. గ్రోస్ రాసిన 1,600 లెక్క మీద అనుమానాలు మిగిలాయి. జర్మన్ల పాత్రను ఆయన తక్కువ చేసి చూపారని నాకూ అనిపిస్తుంది. అయినా ఆ ప్రాసిక్యూటర్ దర్యాప్తు చేసింది హత్యల మీద, పుస్తకం మీద కాదు. అధ్యక్షుడు క్వాష్నియెవ్‌స్కీ ఆ ఊరికే వెళ్లి క్షమాపణ చెప్పారు. ఊరి జనం చాలామంది రాలేదు. పాత ఫలకం తీసేసి పెట్టిన కొత్త స్మారకం మీద చంపిందెవరో రాయలేదు.

తర్వాత గాలి మారింది. ఒక జర్మన్ పత్రికలో రాసిన ఒక్క వాక్యానికి గ్రోస్‌ను 2016లో ప్రాసిక్యూటర్లు పిలిచి ప్రశ్నించారు. చివరికి ఆ ఫైలు మూసేశారు. 2018లో నాజీల నేరాలను పోలిష్ జాతికి అంటగడితే మూడేళ్ల దాకా జైలు అంటూ చట్టం చేశారు. ప్రపంచమంతా గగ్గోలు పెడితే ఆ జైలు శిక్ష ఐదు నెలలైనా నిలవలేదు, జూన్‌లోనే తీసేశారు.

ఆ జైలు శిక్ష నిబంధనలోనూ పరిశోధకులకు, కళాకారులకు మినహాయింపు ఉండేది. మన మిత్రుడు కోరే చట్టంలో అదైనా ఉంటుందా? ఉంటే, ఎవరిది పరిశోధనో స్టేషన్‌లో ఎస్‌ఐ గారు తేలుస్తారా?

— ఒక రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్, తెనాలి