మీ నాయన కలకండ

కర్నూలు,
ఆదివారం పొద్దున.

ఒరే కలకండోడా,

తిట్టుకోవద్దు. నీ ఉత్తరమొచ్చి రెండు నెలలాయ. రాద్దామని కూర్చోవడం, ఏదో ఒకటి అడ్డం పడడం. అమ్మ మోకాళ్లు అట్లే ఉండాయి, ఇంటి లోను అట్లే ఉంది, మా ఆవిడకు బదిలీ రాలేదు. సమాచారం అయిపోయింది. ఇంక అసలు సంగతి విను, ఇది నీకు తప్ప ఎవరికి చెప్పినా ఎక్కదు.

పాప పుట్టినరోజుకు యాభై లీటర్ల అద్దాల తొట్టి, రెండు గోల్డ్‌ఫిష్‌లు కొనిచ్చినా. పేర్లు అదే పెట్టుకునింది: ఉగ్గాని, బజ్జీ. మూడు నెలలు బాగానే తిరిగినాయి. పోయిన నెల తుంగభద్రకు ఎర్రనీళ్లొచ్చినప్పటి నుంచి కొళాయి తిప్పితే బ్లీచింగ్ వాసన. సరిగ్గా అట్లాంటి రోజు చూసి, నా శుభ్రం సంగతి నీకు తెలుసు గదా, తొట్టి మొత్తం వంచేసి, ఫిల్టరు స్పాంజిని కొళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండి, కొత్తనీళ్లు నింపినా. సాయంత్రానికి రెండూ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలేస్తాండాయి. బజ్జీ మొప్పలు చింతనిప్పులే.

స్కూటరేసుకుని అంగడికి ఉరికినా. ఆయప్ప మూడు సీసాలు ముందర పెట్టినాడు. ఒకటి క్లోరిన్‌ను విరిచేది, ఒకటి నీలం మందు, ఇంకోటి బ్యాక్టీరియా అంట. ‘మూడూ కలిపి పోసేయండి సార్’ అన్నాడు. పోసినా. ఆ నీలం మందు మిథిలీన్ బ్లూ. బూజు పట్టిన చేపను వేరే తొట్టిలో పెట్టి వాడాల్సిందంట. మూడో సీసాలోని బ్యాక్టీరియాను రెండో సీసాతో నేనే చంపుకున్నానని తర్వాత తెలిసింది. అద్దాల మూలల్లో సిలికాన్ ఇప్పటికీ నీలమే. ‘పంచెలకు నీలిమందు కలిపినావేమో అనుకుంటిరా’ అనింది అమ్మ.

మొదటి సీసా వెనక చిన్నక్షరాల్లో సోడియం థయోసల్ఫేట్ అని ఉంది. యాడనో చూసిన పేరే అనుకుంటూ పండుకున్నా. అర్ధరాత్రి తట్టింది. హైపో రా! మీ నాయన హైపో! మీ ఫోటో స్టూడియో డార్క్‌రూములో ఫిలిం మీద వెలుతురు తగలని వెండి ఉప్పును కడిగేసేది ఇదే, నీళ్లల్లో క్లోరిన్‌ను పట్టి మామూలు క్లోరైడు చేసి కూర్చోబెట్టేదీ ఇదే. ఎర్రలైటు కింద జాడీలో మెరుస్తాంటే కలకండనుకుని గుప్పెడు నోట్లో పోసుకుంటివే! నాకు ఒక్క పలుకు పెట్టలేదు, దేవుడు చూసినాడు. నేను ఒక్కన్నే పగలబడి నవ్వుతాంటే మా ఆవిడ లేచి లైటేసింది.

నవ్వినా గానీ, 2009 అక్టోబరు కూడా గుర్తొచ్చింది. వరద దిగినాక మీ స్టూడియోలో బురద ఎత్తినాం గదా. ఆ జాడీ మూత తీస్తే అంతా బురదే. మీ నాయన దాన్ని కడిగి, తుడిచి, మళ్లీ అదే అరలో పెట్టినాడు, ఖాళీదాన్ని. అప్పుడు ఆయన మొహం... సరే, వదిలేయ్.

బజ్జీ మూడో రోజు పోయింది. హైపో క్లోరిన్‌నైతే అప్పుడే విరిచింది, కానీ చేపలు వదిలే అమ్మోనియాను తినే సూక్ష్మజీవులు కాపురముండేది స్పాంజిలోనే గదా, వాటిని నేను కొళాయి కింద పెట్టి పిండేసినా. అమ్మోనియా పరీక్ష చుక్కలేస్తే పసుపుగా ఉండాల్సిన నీళ్లు ఆకుపచ్చగా తిరిగినాయి. మల్లెకుండీలో పూడ్చినాం. ‘బజ్జీ లేకుండా ఉగ్గాని ఎట్లుంటాది నాయనా’ అనింది పాప. మా ఆవిడ వంటింట్లోకి పోయింది.

ఉగ్గాని కోలుకుంది. రోజూ ఒక బక్కెట్టులో హైపో చుక్కలేసి కలిపి, పాతనీళ్లు నాలుగో వంతు తీసి ఇవి పోస్తాండా. స్పాంజిని ఆ తీసిన నీళ్లల్లోనే పిసుకుతా, కొళాయి దగ్గరికే పోనీను. ఎదురింటాయన ఆర్వో నీళ్లు పోయమంటాడు. లవణాలు దాదాపు అన్నీ తీసేసిన నీళ్లల్లో అది ఏం బతుకుతాది? మన నీళ్లకు పాత్రలు తెల్లబడతాయి గానీ గోల్డ్‌ఫిష్‌కు ఆ గట్టితనమే నయం. మిగిలిన రెండు సీసాలూ అటకెక్కించినా.

ఒకటి అడగాల నిన్ను. ఆ గాజు జాడీ మీ ఇంట్లో ఇంకా ఉంటే, పారేయకుండా నాకు

కొళాయొచ్చింది, బక్కెట్టు పెట్టాల. మళ్లీ రాస్తా.