కీమోకి ముందే అడగాలి: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం ఎక్కువ శ్రమ పెట్టింది ఒక్క పని మీదే. రొమ్ము క్యాన్సర్ బయటపడిన యువతులకు, కీమో మొదలయ్యేలోపే పిల్లల సంగతి గుర్తు చేయడం. కారణం మీలో చాలామందికి తెలుసు. పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక చెల్లెలు లేచి, "నాలుగో కీమోకి నెలసరి ఆగిపోయింది. అండాలు దాచుకోవచ్చని అప్పటిదాకా నాతో ఒక్కరూ అనలేదు" అంది. ఆ మాటకి మా ఎవరి దగ్గరా జవాబు లేదు.

అందుకే మన వాలంటీర్లు కలిసిన ప్రతి కొత్త కుటుంబానికీ ముందు ఈ విషయమే చెప్పారు. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కీమో మందులు అండాశయంలో ఉన్న అండాల నిల్వను దెబ్బతీస్తాయి. వయసు పెరిగేకొద్దీ ఆ దెబ్బ ఎక్కువ. అండాలు తీసి ఫ్రీజ్ చేయడానికి సుమారు రెండు వారాలు చాలు. నెలసరి కోసం ఆగక్కర్లేదు, అండాలు ఎదగడానికి ఇచ్చే ఇంజెక్షన్లు ఏ రోజైనా మొదలుపెట్టవచ్చు. "వాటితో హార్మోన్ పెరిగి గడ్డ ముదిరిపోదా?" అన్న టెన్షన్ దాదాపు ప్రతి ఇంట్లోనూ చూశాం. ఆ హార్మోన్ పెరగకుండా లెట్రోజోల్ మాత్రలు కలిపి ఇస్తారని మన అవగాహన సదస్సులో డాక్టరమ్మ ఓపిగ్గా వివరించారు. కీమో సాగినన్నాళ్లూ నెలనెలా ఇచ్చే గోసెరెలిన్ ఇంజెక్షన్ అండాశయాన్ని కొంత కాపాడుతుందనీ, అయితే దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దనీ చెప్పారు.

పెళ్లికాని అమ్మాయిల ఇళ్లలో చాలా కష్టమైంది. "ముందు ప్రాణం దక్కనివ్వండమ్మా, పెళ్లికాని పిల్లకి ఇవన్నీ ఎందుకు?" అన్న తల్లిని ఎలా తప్పుపడతాం? కానీ పక్కనే కూర్చున్న ఆ పిల్లని మాత్రం ఎవరూ అడగలేదు. 2021లో వచ్చిన సంతాన సాఫల్య చికిత్సల చట్టం ప్రకారం 21 ఏళ్లు దాటిన ఒంటరి మహిళ కూడా ఈ సేవలు తీసుకోవచ్చు. ఇకమీదట అమ్మాయితో విడిగా ఓ పావుగంట మాట్లాడాకే పెద్దవాళ్లతో మాట్లాడాలని కార్యవర్గం నిర్ణయించింది.

జబ్బు తిరగబెట్టకుండా ఏళ్లపాటు వాడే హార్మోన్ మందు టామాక్సిఫెన్ వాడుతున్న సభ్యుల కోసం ఒక మాట. 2023లో వెలువడిన 'పాజిటివ్' అధ్యయనంలో, 42 ఏళ్లలోపు మహిళలు 500 మందికి పైగా, ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల దాకా ఇలాంటి హార్మోన్ మందు వాడి, తర్వాత గర్భం కోసం రెండేళ్ల వరకు ఆపారు. మూడేళ్లు గడిచేసరికి వారిలో జబ్బు తిరగబెట్టడం మామూలు కంటే ఎక్కువగా కనిపించలేదు. దీర్ఘకాలం సంగతి ఇంకా గమనిస్తున్నారు. కాబట్టి మీ ఆంకాలజిస్టుని అడగకుండా ఒక్క మాత్ర కూడా ఆపకండి.

డబ్బు దగ్గరే మనం ఓడిపోయాం. అండాలు తీయడానికి, ఏటా భద్రపరచడానికి అయ్యే ఖర్చు మన దగ్గరకు వచ్చినవాళ్లలో ఎవరికీ బీమాలో రాలేదు. ఇష్టం ఉండీ వెనక్కి వెళ్లిపోయినవాళ్లున్నారు. దీనికోసం విడిగా సహాయనిధి పెట్టాలన్న ప్రతిపాదనను ఈ సమావేశం ముందు ఉంచుతున్నాం.

మీకు తెలిసిన ఏ ఇంట్లోనైనా కీమో తేదీ ఖరారైతే, ఆ తేదీలోపే మాకు ఫోన్ చేయించండి. రాత్రయినా పర్వాలేదు.

కార్యదర్శి