గీతల సంచి ఒక్కటే కొంటే చాలదు

సంపాదకుల వారికి,

బాలింత నడుము కింద పరిచి, కాన్పయ్యాక ఎంత రక్తం పోయిందో కొలిచే గీతల సంచి మన ప్రభుత్వాసుపత్రులకు రావాలనే మేమూ కోరుతున్నాం. కంటిచూపుతో వేసే అంచనా చాలాసార్లు అసలు కన్నా తక్కువే ఉంటుంది. అయితే సంచి ఒక్కటే తెప్పించి చేతులు దులుపుకుంటే ఫలితం రాదు. ఐరోపాలోని 13 దేశాల్లో దీన్ని పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో తీవ్ర రక్తస్రావాలు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. అదే కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 2023 నాటి ఇ-మోటివ్ అధ్యయనంలో సంచితో పాటు వైద్యాన్నీ ఒకే వరసగా కట్టి ఇచ్చారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల పొట్ట కోయాల్సి రావడం, మరణం, మూడూ కలిపి 60 శాతం తగ్గాయి.

ఆ వరస ఏమంత కొత్తది కాదు. గర్భసంచిని మర్దన చేయడం, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, రక్తం గడ్డ కరగకుండా ఆపే ట్రనెక్సామిక్ ఆసిడ్, సెలైన్, మాయ ముక్క మిగిలిందా, ఎక్కడైనా చిరిగిందా అని చూడటం. ఒకటి పనిచేస్తుందేమోనని చూస్తూ రెండోదాన్ని ఆపకపోవడంలోనే ఉంది అసలు కిటుకు. ట్రనెక్సామిక్ ఒక గ్రాము, అంటే 500 మిల్లీగ్రాముల ఆంపుల్స్ రెండు, 10 నిమిషాల్లో నెమ్మదిగా నరానికి ఎక్కించాలి. కాన్పయిన 3 గంటల లోపే ఇవ్వాలి.

సంచి వాడకంలో తప్పులు జరిగే చోట్లు కూడా తెలిసినవే. బిడ్డ బయటికి రాకముందే పరిస్తే ఉమ్మనీరు చేరి లెక్క పాడవుతుంది. సంచి బల్ల అంచు నుంచి కిందికి వేలాడాలి. మామూలు మంచం మీద వేస్తే రక్తం గీతల దాకా రాక నడుము కిందే నిలిచిపోతుంది. మొదటి గంటలో ప్రతి 15 నిమిషాలకోసారి సంచి, నాడి, బీపీ, గర్భసంచి బిగువు చూడాలి. 500 మిల్లీలీటర్లు దాటితే ఇంకేమీ ఆలోచించకుండా వైద్యం మొదలుపెట్టాలి. 300 దాటి నాడి 100కు మించినా, పై బీపీ 100 కన్నా దిగినా అంతే.

మందు సంగతీ చూడాలి. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెల నల్లగొండ ఎండల్లో ట్రేలో రోజుల తరబడి పడున్న ఆంపుల్‌ను పొడిస్తే సంచి ఎంత కచ్చితంగా కొలిచినా ఏం లాభం?

ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ ఎత్తరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. అక్కడ ఈ సంచి పనికిరాదు. రక్తాన్ని పీల్చి పట్టే సక్షన్ జార్‌లోని కొలతలోంచి ఉమ్మనీరు తీసేసి, రక్తం అద్దే గుడ్డలు, అంటే తడిసిన మాప్‌ల బరువులోంచి పొడి మాప్‌ల బరువు తీసేసి కలపాలి. ఒక గ్రాము సుమారు ఒక మిల్లీలీటరు. దానికి కావాల్సింది ఆపరేషన్ థియేటర్‌కొక డిజిటల్ తూకం. సామాను తెప్పించే ఇండెంట్‌లో అధికారులు అది కూడా రాయాలి.

అందుకే జిల్లా అంతటికీ ఒకేసారి కొనకుండా, ముందు నల్లగొండ పెద్దాసుపత్రి, దేవరకొండ ఏరియా ఆసుపత్రి, రాత్రి ఒక్క నర్సే ఉండే ఒక పీహెచ్‌సీ, ఈ మూడు చోట్లా మూడు నెలలు వాడి చూడాలి. గీత దాటిన టైమూ, మొదటి మందు పడిన టైమూ కేస్‌షీట్‌లో రాయాలి. ఆ రెంటి మధ్య నిమిషాలు తగ్గకపోతే సంచులు ఎన్ని ఖర్చయినా దండగే. స్టాక్ అయిపోయిన రోజులూ లెక్కపెట్టాలి, ఎందుకంటే అప్పుడు మళ్లీ కంటి అంచనాకే వెళ్తారు, లేదా వాడినదే కడిగి ఇంకొకరి కింద పరుస్తారు. కుట్టు దగ్గర కారినా, గీతలు చెరిగినా లాట్ నంబరుతో సహా, వైద్య పరికరాల లోపాలను నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కేంద్రానికి రాయాలి. 2015 నుంచీ ఆ ఏర్పాటు ఉంది, వాడేవాళ్లే తక్కువ.

దేవరకొండ, అచ్చంపేట లాంటి చోట్ల నుంచి రెఫర్ చేసేటప్పుడు, రక్తం పోయిన బాలింత షాక్‌లోకి వెళ్లకుండా కాళ్లకూ పొట్టకూ చుట్టే యాంటీ షాక్ గార్మెంట్ విషయంలో ముందే తేల్చాల్సింది ఒకటుంది. అది బాలింతతో పాటు 108లో పెద్దాసుపత్రికి వెళ్లిపోతుంది. ఉతికి, నంబరు చూసి, దాన్ని తిరిగి పంపే బాధ్యత ఎవరిదో ఆర్డర్‌లోనే రాయాలని కోరుతున్నాం.

— ప్రసూతి విభాగం నర్సింగ్ సిబ్బంది కొందరు, నల్లగొండ