పాపను నా ఒళ్లోంచి దింపించిన డ్రైవరు గారికి

పోయిన నెల ఒకరోజు అర్ధరాత్రి దాటాక రైలు దిగాం. నేను, ఆరేళ్ల మా అబ్బాయి, 14 నెలల పాప, నాలుగు సంచులు, ఇంటి దగ్గర కారులోంచి ఊడదీసి తెచ్చిన పాప సీటు. ఆ రాత్రి మమ్మల్ని ఎక్కించుకున్న టాక్సీ డ్రైవరు గారి పేరు అడగాలన్న ధ్యాస కూడా నాకు లేకపోయింది. ఈ నాలుగు మాటలు ఆయన కంట పడతాయో లేదో మరి.

సంచులు సర్దాక ఆ సీటును కూడా డిక్కీలోకే తోయబోతుంటే ఆయన చేయి అడ్డం పెట్టారు. "ఇది కూడా సామానేనా అమ్మా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. పాప భుజం మీద నిద్రపోతోంది, అబ్బాయి నిలబడే తూగుతున్నాడు. "ఇరవై నిమిషాల దారే కదండీ, ఒళ్లో గట్టిగా పట్టుకుంటాను" అన్నాను. "పట్టుకోలేరమ్మా" అన్నారాయన. గొంతు పెంచలేదు, బండీ కదిలించలేదు. టాక్సీలో పిల్లల సీటు లేకపోయినా చాలా దేశాల్లో చట్టం చూసీ చూడనట్టు వదిలేస్తుంది. ఆయన అడగకపోతే తప్పు పట్టేవారు ఎవరూ లేరు.

అసలు సంగతి ఏమిటంటే, బెల్టుతో ఆ సీటు కట్టడం నాకు రాదు. మా కారులో పిల్లల సీటును బెల్టు లేకుండానే బిగించే ఐసోఫిక్స్ కొక్కేలున్నాయి, నొక్కితే పట్టుకుంటాయి. ఆ పాత టాక్సీలో అవి లేవు. రాదని చెప్పడానికి సిగ్గేసి ఒళ్లో పెట్టుకుంటానన్నాను.

ఆయన సీటును వెనక వరుసలో, పాప ముఖం కారు వెనక వైపుకు ఉండేలా పెట్టారు. పక్కన ఉన్న నీలం గుర్తులు చూపించి, వెనక్కి తిరిగి కూర్చునే పిల్లలకు బెల్టు వాటి గుండా వెళ్లాలన్నారు. ముందుకు తిరిగి కూర్చునేవారికైతే ఎర్ర గుర్తులు. ఏడాదిగా నేను వాటిని అలంకారం అనుకున్నాను! ఒక చేత్తో సీటును అదిమిపెట్టి, రెండో చేత్తో బెల్టు వదులంతా లాగేశారు. బెల్టు వెళ్లే చోట పట్టుకుని ఊపి చూపించారు: అంగుళానికి మించి కదలకూడదు. పాప మందపాటి స్వెట్టర్ విప్పించి పట్టీలు బిగించమన్నారు. భుజం మీది పట్టీని రెండు వేళ్లతో గిల్లితే మడత చేతికి రాకూడదట. విప్పిన స్వెట్టర్‌ను పట్టీల పైనుంచి కప్పారు.

అబ్బాయి ముందు సీటు కావాలని పేచీ పెట్టాడు. ఎయిర్‌బ్యాగ్ ఉంది, కుదరదన్నారు. మెడకు ఒరుసుకుంటోందని వాడు బెల్టును చంక కిందికి దోపుకుంటే, అలాగైతే దెబ్బంతా పక్కటెముకల మీద, పొట్ట మీద పడుతుందని చెప్పి, డిక్కీలోంచి తన మనవడి బూస్టర్, అంటే పిల్లలను ఎత్తుగా కూర్చోబెట్టే పీట, తీసి వేశారు. దాని మీద బిస్కెట్ పొడి ఇంకా అలాగే ఉంది. వాడు పీట ఎక్కగానే బెల్టు మెడ వదిలి భుజం మీదికి వచ్చింది.

ఆ "పట్టుకోలేరమ్మా" అన్న మాట మాత్రం మనసులోంచి పోలేదు. ఇంటికి వచ్చాక లెక్క వేశాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి దేన్నైనా ఢీకొని అర మీటరులో ఆగిపోతే, 10 కిలోల పాపను ఆపడానికి దాదాపు 200 కిలోల బరువును పట్టి నిలిపేంత బలం కావాలి. నేను 25 కిలోల సూట్‌కేసు ఎత్తడానికే కూలీని పిలుస్తాను.

దిగేటప్పుడు ఆయనే చుట్టూ తిరిగి వచ్చి కాలిబాట వైపు తలుపు తీశారు. అవతలి తలుపుకు చైల్డ్ లాక్ ముందే వేసి ఉంచారు. కొంత ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు.

మర్నాడే అబ్బాయికి బూస్టర్ కొన్నాను. నిన్న మరో టాక్సీలో పాప సీటు నేనే కట్టాను, ఏడు నిమిషాలు పట్టింది. ఆ డ్రైవరు రెండుసార్లు గడియారం చూశాడు. ఆ రాత్రి మీరు ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. మీకు నా నమస్కారాలు.